కొత్త ఊరి కూడు, కొత్త ఊరి నీళ్ళు



సెలవులు వచ్చాయంటే ఆనేకల్‌లో మా మతబ్‌కు రెండు రకాల రోగులు వస్తారు. ఒకరు కొత్త ఊరికి పోయి కనిపించిందల్లా తిని వచ్చినవారు. రెండోవారు కొత్త ఊరికి పోయి అక్కడిదేదీ ముట్టకుండా, ఇంటి నుంచి డబ్బాల్లో మోసుకెళ్ళిన పులావు మూడో రోజు దాకా దాచుకొని తిని వచ్చినవారు. వింటే నవ్వొస్తుంది గాని, ఎక్కువగా నీరసించి వచ్చేది ఈ రెండోవారే.

మూడో రకం కూడా ఉంది. వీరికి జబ్బు చేయదు గనుక మతబ్‌కు రారు, పెళ్ళిళ్ళలో కనిపిస్తారు. మైసూరు పోయినా, ఊటీ పోయినా, ఉమ్రా నుంచి వస్తూ దుబాయిలో రెండు రోజులు ఆగినా దిగీ దిగగానే వీరడిగే మొదటి ప్రశ్న, "ఇక్కడ హైదరాబాదీ బిర్యానీ ఎక్కడ దొరుకుతుంది?" అని. దొరికిన చోట తిని, "మన బిర్యానీలా లేదు" అని పెదవి విరిచి వస్తారు. మన బిర్యానీలా ఎందుకుంటుంది చెప్పండి!

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రయాణంలో పరాయివారి వంట తినాలి. తప్పకుండా తినాలి. హోటలు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసిన స్పెషల్ కాదు, పండుగ భోజనమూ కాదు. ఆ ఊరి సామాన్యుడు మామూలు రోజున మధ్యాహ్నం ఏం తింటాడో అది తినాలి. ఎంత తినాలి, ఎలా మొదలుపెట్టాలి, ఏ నీళ్ళు తాగాలి అన్న విషయంలో మాత్రం మన తిబ్ చెప్పిన జాగ్రత్తలు పాటించాలి. "హకీంసాబ్, మీరు పరహేజ్ చెప్పాల్సింది పోయి తినమంటున్నారేమిటి?" అని కొందరు అడుగుతారు. పరహేజ్ అంటే నోరు కుట్టేసుకోవడం కాదు కదా.

యునానీ చదువులో తొలినాళ్ళలోనే నేర్పే పాఠం ఒకటుంది, అస్బాబె సిత్తా జరూరియా అని. అంటే మనిషి బతకడానికి తప్పనిసరి అయిన ఆరు విషయాలు. పీల్చే గాలి, తినేది, తాగేది, శరీరానికి శ్రమ, విశ్రాంతి, మనసుకు కలిగే ఉద్వేగం, నెమ్మది, నిద్ర, మెలకువ, ఒంట్లోంచి పోవలసింది పోవడం, ఉండవలసింది ఉండడం. ఇంట్లో ఉన్నప్పుడు వీటిలో ఏదో ఒకటి మారుతుంది. ప్రయాణంలో ఆరూ ఒక్కసారిగా మారిపోతాయి. రాత్రంతా బస్సులో కూర్చుంటారు, నిద్ర ఉండదు. దారిలో మరుగుదొడ్డి బాగుండదని ఆడవారు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడమే మానేస్తారు. సామాను పోతుందేమోనని ఆందోళన. తెల్లారి దిగి, మొహం కడుక్కొని, నాలుగు ఇడ్లీలు తింటారు. కడుపులో తిప్పుతుంది. నేరం ఎవరి మీద పడుతుంది? ఇడ్లీ మీద! "ఆ ఊరి తిండి మాకు పడలేదు" అని ఇంటికి వచ్చి చెబుతారు. ఆరు కారణాల్లో ఐదింటిని వదిలేసి ఒక్కదాన్ని పట్టుకోవడం న్యాయమేనా?

కాబట్టి మొదటి మాట: దిగిన పూట కొత్త తిండి పెట్టుకోకండి. కాస్త గంజో, మజ్జిగన్నమో, పండో తిని నిద్రపోండి. మేదా, అంటే జీర్ణకోశం, అలవాటుకు కట్టుబడి ఉంటుంది. మా హకీములు 'ఆదత్'కు చాలా విలువ ఇస్తారు. ఎంత మంచి ఆహారమైనా అలవాటు లేనిది ఒకేసారి కడుపు నిండా వేస్తే తబియత్ ఎదురు తిరుగుతుంది. రెండో రోజు నాలుగు ముద్దలు, మూడో రోజు అర పళ్ళెం. నాలుగో రోజుకు మీరే ఇంకొంచెం వడ్డించమంటారు.

ఇక ఆ సామాన్యుడి తిండి మాట. మా ఆనేకల్ సంగతే చూడండి. కన్నడంలో ఆణెకల్లు అంటే వడగళ్ళు, దాని నుంచే ఊరికి ఈ పేరు వచ్చిందని చెబుతారు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. తమిళనాడు సరిహద్దు పక్కనే. సంతలో నిలబడితే కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ నాలుగూ ఒకే కొట్టు దగ్గర వినిపిస్తాయి. కడప, మదనపల్లె, హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన మనవాళ్ళు ఇక్కడ చాలామంది. పిల్లలకు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగాలు, పెద్దవారు వారితో పాటు చందాపుర, అత్తిబెలె అపార్ట్‌మెంట్లలో. కాని పదేళ్ళుగా ఇక్కడే ఉంటూ ఈ ఊరి రాగి ముద్దె రుచి చూడని ఇళ్ళు నాకు తెలుసు. అడిగితే, "అది కూలివాళ్ళ తిండి కదా హకీంసాబ్" అన్నారు ఒకాయన. వారి నానీ ఇంట్లో వండిన సంగటి ఏమిటనుకున్నారో!

రాయలసీమ సంగటికి, ఇక్కడి ముద్దెకు తేడా కొంచెమే. మనం బియ్యం లేదా నూకలు ఉడికించి అందులో రాగిపిండి వేస్తాం. వీరు చాలా ఇళ్ళలో పిండి ఒక్కటే మరిగే నీళ్ళలో పోసి, కట్టెతో గెలికి, తడిచేత్తో ఉండ చేస్తారు. తినే పద్ధతి వేరు. పాతకాలపువారు దీన్ని నమలరు. చిన్న ముక్క తుంచి, సారులో ముంచి, మింగేస్తారు. మొదటిసారి చూసినవారికి వింతగా ఉంటుంది. నమలబోతే పంటికి అంటుకుంటుంది, అప్పుడు అర్థమవుతుంది వారెందుకు మింగుతారో.

పక్కన బస్సారు ఉంటుంది. ఆకుకూర, పప్పుగింజలు కలిపి ఉడికించి, ఆ నీటిని వంచి దానితోనే చారు కాస్తారు. మిగిలిన ఆకును, గింజలను తాలింపు వేసి పల్యం చేస్తారు. ఒక్క కుండలో రెండు వంటకాలు, చుక్క నీరు పారబోయరు. వానలు తక్కువ, కట్టెలు తక్కువ ఉన్న నేల మీద బతికిన ఆడవారి తెలివి అది. పుస్తకం చదివితే తెలిసేది కాదు, తింటే తెలుస్తుంది.

చలికాలంలో రండి. డిసెంబరు, జనవరి నెలల్లో సంతలన్నీ అవరెకాయ వాసనే. చిత్తూరు వైపు మనం అనపకాయలంటాం. గింజలు నానబెట్టి, తోలు పితికి వండేది మనకు పితికిన పప్పు, వీరికి హిదికిద బేళె. మన పాలు వీరికి హాలు, మన పులి వీరికి హులి, మన పల్లె వీరికి హళ్ళి. అలాగే మన పితకడం వీరికి హిదుకడం అయింది. ఒకే మాట, ఒకే గింజ, మధ్యలో ఒక సరిహద్దు రాయి. ఉలవచారు కూడా అంతే, ఇక్కడ హురళి సారు. ఉలవలను మా యునానీ పుస్తకాల్లో హబ్బుల్ ఖుల్త్ అంటారు. వేడి, పొడి స్వభావం గలవని రాశారు. ఈ పీఠభూమి చలిగాలికి, ఉదయపు మంచుకు ఉలవచారు ఎలా సరిపోయిందో ఏ హకీమూ వచ్చి వీరికి చెప్పలేదు. మనిషి తన గాలికి తగిన తిండిని తానే వెతుక్కుంటాడు. అందుకే ఒక ఊరి గాలి పీలుస్తూ ఆ ఊరి తిండిని చీదరించుకోవడం, హకీముగా కూడా నాకు నచ్చదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక రాగులకు గిరాకీ వచ్చింది. మంచిదే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. కాని "రాగి తింటే షుగర్ రాదు" అని వాట్సాప్‌లో వచ్చే మాటలు నమ్మకండి. రాగిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. పొలంలో పనిచేసేవాడు రెండు ముద్దెలు తిని సాయంత్రానికి అరిగించుకుంటాడు. అదే రెండు ముద్దెలు తిని సోఫాలో కూర్చుంటే షుగర్ పెరగక మానదు. పల్చటి రాగి జావ ఇంకా త్వరగా పెంచుతుంది. ఒక చిన్న ముద్దె, ఎక్కువ సొప్పు, అంటే ఆకుకూర. మీ డాక్టరు ఇచ్చిన మాత్రలు, ఇన్సులిన్ ప్రయాణంలోనైనా మానవద్దు.

నీళ్ళ దగ్గరకు వద్దాం. తెలుగులో "నీళ్ళు పడలేదు" అనే మాట ఉంది చూశారా, ఊరు మారి జబ్బుపడితే అలాగే అంటాం. ఇది పాత అనుభవమే. వెయ్యేళ్ళ కిందటి ఇబ్న్ సీనా (980-1037) తన అల్ ఖానూన్‌లో ప్రయాణికుల కోసం ప్రత్యేకంగా రాశారు. రకరకాల తిండ్ల కంటే రకరకాల నీళ్ళే ప్రయాణికుడికి ఎక్కువ హాని చేస్తాయని ఆయన అభిప్రాయం. నీటిని వడకట్టాలి, కాచాలి, ఉల్లిపాయ, సిర్కా వాడాలి అన్నారు. ఒక మజిలీ నీళ్ళు కొంచెం వెంట తీసుకెళ్ళి తరువాతి మజిలీ నీళ్ళలో కలుపుకుంటూ పోవాలని, సొంత ఊరి మట్టిని నీళ్ళలో కలిపి తేరనిచ్చి తాగవచ్చని కూడా రాశారు.

ఇందులో ఏది పాటించాలి? కాచడం నూటికి నూరుపాళ్ళు పాటించండి. మట్టి సలహా ఈ రోజుల్లో వద్దు. నీళ్ళు కలపడం వల్లా క్రిములు చావవు. ప్రయాణంలో వచ్చే విరేచనాలకు ముఖ్య కారణం నీటిలో, తిండిలో కలిసిన మలిన క్రిములని ఇప్పుడు రుజువైంది. అది ఆ ఊరి 'స్వభావం' కాదు, శుభ్రత లోపం. ఇబ్న్ సీనా కాలంలో సూక్ష్మదర్శిని లేదు. అయినా కాచమన్నారంటే, ఆ పరిశీలనకు గౌరవం ఇవ్వాలి. ఇప్పటి సాధనాలు ఉండి కూడా ఆయన రాసిన ప్రతి అక్షరం పట్టుకు వేలాడితే, అది ఆయనకు గౌరవం కాదు.

కాబట్టి కొత్త ఊళ్ళో వేడివేడిగా పొయ్యి మీది నుంచి దిగింది తినండి. ముందే కోసిపెట్టిన పండ్లు, ఐసు వేసిన షర్బత్, పలుచని పచ్చి చట్నీ మొదటి రెండు రోజులు మానండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి వేసి కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. మందుల షాపులో ఓఆర్ఎస్ పొట్లం దొరికితే ఇంకా మేలు. పసిపిల్లలు నీరసపడి కళ్ళు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, రక్తం పడినా నా జవారిష్ కమూనీ కోసం చూడకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ప్రయాణికుల తిండి గురించి రాస్తూ ఇబ్న్ బతూతాను తలుచుకోకుండా ఎలా? 1325లో ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో మొరాకోలోని టాంజియర్ నుంచి బయలుదేరిన మనిషి. మొగదిషులో ఆయనకు నెయ్యి వేసిన అన్నం, పాలలో వండిన పచ్చి అరటికాయ, నిమ్మకాయ ఊరగాయ, అల్లం, మామిడి పెట్టారు. ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో! ఆరు వందల తొంభై ఏళ్ళ తరువాత చదివినా మన దస్తర్‌ఖాన్ లాగే ఉంది. ఆ తరువాత 1352లో మాలి దేశం వెళ్ళాడు. అక్కడ మన చేమదుంప వంటి దుంపతో చేసిన గంజి అందరూ కలిసి తిన్నారు. మర్నాటికి ఆరుగురూ జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. ఈయన ఫజ్ర్ నమాజులో స్పృహ తప్పాడు. ఒక ఈజిప్టు మనిషి వేళ్ళతో చేసిన విరేచనం మందు, సోంపు, చక్కెర కలిపి తాగిస్తే వాంతి అయి బతికాడు. రెండు నెలలు కోలుకోలేదు.

ఆ దుంపలు సరిగా ఉడికాయో లేదో, నీళ్ళెలాంటివో! ఏమైనా, రోగం వదిలాక ఆ రాజుగారు ఆతిథ్యంగా మూడు రొట్టెలు, వేయించిన మాంసం ముక్క, బుర్రలో పెరుగు పంపితే ఇబ్న్ బతూతా నవ్వాడు. ఢిల్లీ సుల్తాను దర్బారులో బంగారం చూసిన కళ్ళు కదా, ఆ మూడు రొట్టెలు చిన్నవిగా కనిపించాయి. అంత గొప్ప ప్రయాణికుడి విషయంలో నాకు నచ్చని ఘట్టం ఇదొక్కటే. ఇంటికి వచ్చిన పరదేశికి రొట్టె, మాంసం, పెరుగు పంపడం తక్కువ మర్యాదా? అయితే అదే పుస్తకంలో, ఆ దేశంలో న్యాయం గట్టిదని, బాటసారికి దొంగల భయం లేదని మెచ్చుకున్నాడు కూడా. కడుపు నొప్పిని, మెప్పును వేరువేరుగా రాయగలిగాడు. మనలో ఎందరు అలా చేయగలరు? ఒక్క హోటల్లో కడుపు చెడితే ఆ రాష్ట్రం మొత్తాన్ని తిట్టేస్తాం.

హలాల్ సంగతి అడుగుతారని తెలుసు. అడగడంలో సిగ్గు లేదు. బెంగళూరు చుట్టుపక్కల దొన్నె బిర్యానీ అమ్మే మిలిటరీ హోటళ్ళు చాలా ఉన్నాయి, మాంసం ఎక్కడి నుంచి వస్తుందో మర్యాదగా అడగండి, చాలామంది మర్యాదగానే చెబుతారు. అనుమానం తీరకపోతే మాంసం వదిలేసి ముద్దె, సొప్పిన సారు తినండి. దర్శినిలో నిలబడి తినే ఇడ్లీ ఉంది, అక్కిరొట్టె ఉంది. ఈ దేశంలో ఏ మూలకు పోయినా ముస్లిం ఆకలితో ఉండాల్సిన పని లేదు. నాకు బాధ కలిగించేది వేరే. హరామ్ కాని దాన్ని కూడా, కేవలం మనకు అలవాటు లేదు గనుక, హరామ్ అన్నట్టు మొహం పెట్టడం. దైవప్రవక్త (స) ముందు ఒకసారి కాల్చిన ఉడుము వంటి జంతువు మాంసం పెట్టారు. తమ ప్రాంతంలో అది లేదని, తమకు ఇష్టం కలగడం లేదని చెప్పి ఆయన తినలేదు. హరామా అని అడిగితే కాదన్నారు. పక్కనే కూర్చున్న ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తిన్నారు, ప్రవక్త (స) చూస్తూ ఊరుకున్నారు. తినేవాడిని తిననిచ్చారు, వద్దనుకున్నవారు మానుకున్నారు, తిండిని ఎవరూ తిట్టలేదు. మీ పిల్లలకు ఈ సంగతి ప్రయాణానికి ముందు చెప్పండి. ఎవరింటికైనా వెళ్ళి పళ్ళెం చూసి "ఛీ" అనే పిల్లవాడికి పర్యటన దేనికి?

మనది అనుకునేదంతా మనదేనా అన్నదీ చూడాలి. రంజాన్ వస్తే హలీమ్ లేకుండా గడవదు. అరబ్బుల హరీస్ పదో శతాబ్దపు బగ్దాదు వంటల పుస్తకంలోనే ఉంది. నిజాం సైన్యంలో చేరడానికి వచ్చిన హజ్రమౌత్ అరబ్బులతో హైదరాబాదు బార్కస్ చేరింది. మసాలాలు పడి, నెయ్యి పడి, మన హలీమ్ అయింది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఎవరో యెమెన్ నుంచి వచ్చి వండితే, ఎవరో తెలుగువాడు ఒక చెంచా రుచి చూడబట్టే కదా! "మాకు అలవాటు లేదు" అని ఉంటే? రాగి పుట్టిందే తూర్పు ఆఫ్రికా కొండల్లో. ఆవకాయలో పడే మిరపకాయ పోర్చుగీసు ఓడలెక్కి అమెరికా ఖండం నుంచి వచ్చింది. ఇక మా కర్ణాటక కాఫీ. పదిహేడో శతాబ్దంలో హజ్ యాత్రకు వెళ్ళిన బాబా బుడన్ తిరిగి వస్తూ యెమెన్ నుంచి ఏడు కాఫీ గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటారని ప్రతీతి. ఆ కొండలకు ఆయన పేరే ఉంది. ఈ రోజు బెంగళూరులో ఏ మతంవాడైనా పొద్దున్నే లేచి తాగేది ఆ యాత్రికుడు తెచ్చిన రుచే.

ఇంతవరకు మీరు ఊళ్ళు తిరగడం గురించి రాశాను. కాని నేను ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది అసలు ఇందుకు కాదు. ఊళ్ళే మన దగ్గరకు వచ్చి కూర్చున్నాయి, మనం చూడడం లేదు.

బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె పారిశ్రామికవాడల్లో పనిచేయడానికి ఒడిశా, బెంగాల్, అస్సాం, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు వేలల్లో ఉన్నారు. మనవాళ్ళు చాలామంది ఇంటి మేడ మీద రెండు గదులు వేసి వారికే అద్దెకు ఇచ్చారు. ఒక గదిలో నలుగురు, ఒక స్టవ్వు. నెల తిరిగేసరికి అద్దె తీసుకుంటాం. ఆ తరువాత మతబ్‌కు వచ్చి నాతో ఏమంటారో తెలుసా? "ఆ ఆవనూనె వాసన భరించలేకపోతున్నాం హకీంసాబ్, తల నొప్పి వస్తోంది. చేపలు వండొద్దని చెప్పాం, వినకపోతే ఖాళీ చేయిస్తాం."

సోదరులారా, కొంచెం ఆగి ఆలోచించండి. మనం ఈ ఊళ్ళకు కొత్తగా వచ్చినప్పుడు "మాంసం వండుతారా? అయితే ఇల్లు ఇవ్వం" అన్న మాట మనలో వినని కుటుంబం ఉందా? తలుపు దగ్గరే నిలబెట్టి అడిగిన ఆ ప్రశ్న మన ఆడవారిని ఎంత బాధపెట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు ఇంటి యజమానులమయ్యాక అదే మాట, ఒక్క పదం మార్చి, మాంసానికి బదులు చేప అని, పొట్టకూటికి రెండు వేల కిలోమీటర్లు వచ్చిన పిల్లవాడితో అంటున్నాం. ఆ పిల్లల్లో నమాజు చదివేవారూ ఉన్నారు, చదవనివారూ ఉన్నారు. ఆకలికి తేడా లేదు.

ఆవనూనె వాసన అంటారా, మా తిబ్ ప్రకారం చూద్దాం. చేప సర్ద్, తర్, అంటే చల్లన, తేమ. ఆవాలు ఎంతో గరమ్, ఖుష్క్. చేపను ఆవనూనెలో, ఆవపిండితో వండే బెంగాలీ తల్లి ఏ మదరసాలోనూ తిబ్ చదవలేదు. అయినా ఒకదాని స్వభావాన్ని మరొకదానితో సరిదిద్దింది. ఇక ఆవపిండి పచ్చిది కలిపిన ఆవకాయను ఏడాది పొడవునా నంజుకునే తెలుగువాడు, పేరులోనే ఆవ పెట్టుకొని తినేవాడు, ఆవనూనె ఘాటుకు ముక్కు మూసుకుంటే ఏమనాలి?

పొగ ఇబ్బంది నిజమే, కాదనను. గదికి ఒక కిటికీ, గాలి లాగే ఫ్యాను పెట్టించండి. రెండు నెలల అద్దెలో అయిపోయే పని. అది మీ అద్దెవారికే కాదు, మీ మేడకూ మంచిది. గాలి ఆడని గదిలో పొయ్యి పొగ పీల్చి దగ్గుతో వచ్చే కుర్రాళ్ళకు నేను అర్క్ ఇవ్వగలను గాని కిటికీ ఇవ్వలేను.

వారి తిండిలో ఏముందో చూడండి. ఒడియా కుర్రాడు ఎండాకాలం తినే పఖాళ మన సద్దన్నమే. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున పెరుగు, ఉల్లిపాయ, మిరపకాయతో తింటాడు. వారికి మార్చి 20న పఖాళ దినమని ఒక పండుగే ఉంది. మనం ఫ్రిజ్ కొన్నాక సద్దన్నం మరిచిపోయాం, వారు మరిచిపోలేదు. బీహారీ కుర్రాడి సంచీలో సత్తు ఉంటుంది. వేయించి విసిరిన శనగపిండి, కొందరు యవలు కూడా కలుపుతారు. పొయ్యి అవసరం లేదు, నీళ్ళుంటే చాలు, కడుపు నిండుతుంది. ఇది మనకు పరాయిదా? అరబ్బు ప్రయాణికులు సంచుల్లో తీసుకెళ్ళిన సవీఖ్ ఇదే పద్ధతి, వేయించిన యవల లేదా గోధుమల పిండి. ఖైబర్ ప్రయాణంలో దైవప్రవక్త (స), సహచరులు దారిలో సవీఖే తిన్నారని హదీసుల్లో చదువుకున్నాం. హదీసులో చదివినప్పుడు కళ్ళకద్దుకుంటాం. మేడ మీద గదిలో అదే రకం పిండి కలుపుకుంటున్న కుర్రాడిని మాత్రం ఇంతవరకు పలకరించలేదు.

ఈ ఆదివారం మీ ఇంట్లో వండింది ఒక గిన్నె పైకి పంపండి. గిన్నె ఖాళీగా తిరిగి రాదు, వారి తల్లులు కూడా అలాగే నేర్పి ఉంటారు. వచ్చిన దాన్ని ఆ పూటే రుచి చూడండి. మీ పిల్లలను కూడా కూర్చోబెట్టి రుచి చూపించండి, అదెక్కడి వంటో ఆ కుర్రాడినే చెప్పమనండి. మీకు అస్సాం పోయే ఖర్చు కలిసి వస్తుంది.

సత్తు షర్బత్ ఎలా కలపాలో చెబుతాను, ఎండలకు మంచిది. గ్లాసు నీటికి రెండు పెద్ద చెంచాల సత్తు, చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, అర చెక్క నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కావాలంటే పచ్చిమిర్చి. ముందు కొంచెం నీటిలో పిండి ఉండలు లేకుండా కలిపి, ఆ తరువాత మిగతా నీళ్ళు పోయండి. కడుపు ఉబ్బరం ఉన్నవారు ఒక చెంచాతో మొదలుపెట్టండి. షుగర్ ఉన్నవారు బెల్లం వేసే తీపి రకం మానండి. నీళ్ళు కాచి చల్లార్చినవే వాడండి.